బేతమంగళలో మాయమైన వాక్యాలు

ఈమధ్యే పని మానేశాను. పొద్దున్నే ఆండర్సన్‌పేటలో మా ఇంటి మెట్ల మీద కాఫీ గ్లాసుతో కూర్చుంటే, ఇన్నేళ్లూ నేను నిజంగా ఉద్యోగం చేశానా, లేక బెంగళూరు రైల్లో కిటికీకి తల ఆనించి కలగన్నానా అని అనుమానం వస్తుంది. తెల్లవారకముందే స్టేషనుకు నడక. మంచులో తేలుతున్నట్టు కనిపించే సైనైడు దిబ్బలు. గనిలోంచి తెచ్చిన రాతిని పిండి చేసి, బంగారం తీసేసుకున్నాక మిగిలిన మట్టి అది. చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చిన మా తాత ఆ రాతిని తవ్వాడు. నేను ఆ దిబ్బల పక్కనుంచి వెళ్లి కంప్యూటర్ కోడు రాసి, వాటి పక్కనుంచే తిరిగొచ్చేవాణ్ణి. మధ్యలో ఏం రాశానో చాలావరకు గుర్తు లేదు.

గుర్తున్నది ఒక తప్పు. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎదురుపడి "మీ అనుభవం చెప్పండి సార్" అంటే ఏదో పెద్ద విజయగాథ వింటామనుకుంటారు. నేను మాత్రం దీన్నే చెబుతాను.

మా కంపెనీ పాలు చల్లబరిచే యంత్రాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసేది. పల్లెల్లో పాల కేంద్రాల దగ్గర పెద్ద స్టీలు ట్యాంకులు ఉంటాయి కదా, అవి. వాటిని ఎలా నడపాలి, ఎలా కడగాలి అని కన్నడంలోనూ తెలుగులోనూ చిన్న చిన్న పుస్తకాలు కూడా వేసేవాళ్లం. ఆ పుస్తకాల పేజీలన్నీ వెర్షన్ కంట్రోల్‌లో ఉండేవి. పదిమంది కలిసి రాసే ఫైళ్లను ఒకచోట దాచి, ఎవరు ఎప్పుడు ఏది మార్చారో గుర్తుపెట్టుకునే ఏర్పాటు అది. మా దగ్గర ఫైలుకు మామూలుగా తాళం వేసి ఉండేది. చదవచ్చు, మార్చడానికి లేదు. మార్చాలంటే బెంగళూరులో ఉన్న సర్వర్‌ను అడిగి తాళం తీయించుకోవాలి. అప్పుడు సర్వర్ తన దగ్గరున్న తాజా ప్రతిని పంపుతుంది. వాళ్లు మళ్లీ తాళం వేసేదాకా ఇంకొకరు ఆ ఫైలును మార్చలేరు. ఈ అడగడమూ తెప్పించడమూ రాసేవాళ్ల కంటపడకుండా టైపు చేసే ఎడిటర్ ప్రోగ్రాము లోపలే జరిగిపోయేటట్టు కోడు రాసింది నేను. మీరు మొదటి అక్షరం కొడితే చాలు, మిగతాది నా కోడు చూసుకుంటుంది. అందరూ మెచ్చుకున్నారు. నాకూ కాస్త గర్వంగానే ఉండేది.

పుస్తకాలు రాసేవాళ్లలో అందరికంటే పెద్దావిడను ఆఫీసులో బేతమంగళ అక్క అనేవాళ్లం. ఊరి పేరే ఆమె పేరైపోయింది. గనులు నడిచిన రోజుల్లో ఆమె గని ఆఫీసులో టైపిస్టు. గనులు మూతపడ్డాక కంప్యూటర్ నేర్చుకుని మా దగ్గర చేరింది. రైల్లో నా ఎదురు సీటు ఆమెదే. నేను నిద్రపోతుంటే ఆమె ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకుని ఆనాటి పేజీలు పెన్సిల్‌తో రాసుకునేది. స్టేషను రాగానే పుస్తకం అంచుతో నా మోకాలు తట్టేది. "లే అప్పా, ఇంగ ఎంతసేపు?" ఆ మాటతోనే నాకు రోజూ తెల్లవారేది.

తర్వాత అందరం ఇంటి నుంచే పనిచేసే కాలం వచ్చింది. రైలు లేదు, ఎదురు సీటు లేదు. నేను ఆండర్సన్‌పేటలో, ఆమె బేతమంగళలో. ఇద్దరం ఇరుగుపొరుగు ఊళ్లవాళ్లమే అయినా ఎదురుపడే వీలే లేకపోయింది. ఆ రోజులు ఎలా గడిచాయో ఇప్పుడు తలుచుకుంటే నీళ్లలోంచి చూసినట్టు మసకగా ఉంటుంది. పగలంతా ఇంట్లోనే కూర్చుని, లోకమంతా ఎక్కడో దూరంగా మాట్లాడుకుంటుంటే వింటున్నట్టు ఉండేది.

అప్పుడే అక్క రాసిన పేజీల్లో వాక్యాలు పోవడం మొదలైంది.

మొదట ఒకటి రెండు చోట్ల. "ఇక్కడ ఇంకో మాట ఉండాలి కదా" అని ఎవరో అడిగితే, "రాసినానే!" అని అక్క ఆశ్చర్యపోయింది. వారం తిరక్కుండా మళ్లీ అలాగే. ఒకరోజు ఆమె నాకు ఫోన్ చేసింది.

"అప్పా, నేను కొట్టినవి యాడికో పోతా ఉండాయి. నీ మిషన్‌లో ఏమన్నా ఉండాదేమో చూడు."

నేను చూశాను. చూశానంటే, సర్వర్‌లో రికార్డు తెరిచి చదివాను. ఆమె ఫైలు తీసిన సమయం ఉంది, దాచిన సమయం ఉంది, దాచినదాంట్లో ఆ వాక్యాలు లేవు. నా కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిచి నాలుగు మాటలు కొట్టాను. అన్నీ ఉన్నాయి. ఆమెకు ఫోన్ చేసి చెప్పాను.

"అక్కా, అంతా సరిగ్గానే ఉండాది. మీరే సేవ్ చేయడం మర్చిపోయినారేమో."

అవతల ఆమె గొంతు తగ్గింది. "అట్లనే ఉండొచ్చులేప్పా" అంది. ఆ తగ్గడాన్ని నేను అప్పుడు పట్టించుకోలేదు. ఆమె తల్లి చివరి రోజుల్లో అన్నీ మరిచిపోయి, కన్నకూతుర్నే "నువ్వెవరమ్మా?" అని అడిగిందని రైల్లో ఒకసారి నాకు చెప్పింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ మాట అన్నాను.

మూడు నెలలు అలాగే సాగింది. తెగిపోయిన ముక్క కంటబడిన చోట అక్క మళ్లీ కొట్టేది. వాక్యానికి వాక్యమే పోయిన చోట ఆమెకూ తెలిసేది కాదు. ఒకసారి అచ్చుకు వెళ్లబోయే ప్రతిలో అసలైన హెచ్చరికే లేదు. ట్యాంకును యాసిడ్‌తో కడిగాక, రెండుసార్లు నీళ్లతో జాడించనిదే మూత తీయవద్దని ఉండాలి. చివరిసారి చదివినావిడ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏ పల్లెలోనో ఎవరి కళ్లో కాలేవి.

మా మేనేజరు కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. ఆయన కూడా ఆ రోజు గొంతు పెంచాడు. "మేడమ్, ఇది మామూలు పొరపాటు కాదండీ. మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి." అందరూ వింటున్న వీడియో మీటింగులోనే అన్నాడు. అక్క కెమెరా ఆపేసింది. నేనూ ఆ మీటింగులో ఉన్నాను. ఏమీ అనలేదు.

మర్నాడు ఆమె రాజీనామా వచ్చింది. మూడే వాక్యాలు. 'నా జ్ఞాపకశక్తి తగ్గుతున్నందున ఈ పనికి నేను తగను' అన్నది మొదటిది. మేనేజరు దాన్ని నాకు పంపి, "మీరు దగ్గర్లోనే ఉంటారు కదండీ, ఆమె దగ్గర ఆఫీసు లాప్‌టాప్ తీసుకుని వచ్చేస్తారా?" అని అడిగాడు. చదవగానే నాకు బాధ వేసింది. దాని కిందే ఒక చిన్న ఊరట కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఇంక నా కోడును ఎవరూ అనుమానించరు కదా అన్న ఊరట.

మంగళవారం పొద్దున బస్సెక్కాను. బేతమంగళ చెరువు మీద మంచు ఇంకా లేవలేదు. ఒకప్పుడు గనుల ఊరికంతా నీళ్లు పంపిన చెరువు అది. గట్టు ఎక్కడ ముగిసిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. బస్సు దానిలోకే పోతున్నట్టుంది. దిగి, దారి అడుక్కుంటూ వెళ్లాను.

ఇంటి ముందు అక్క భర్త ఆవుకు గడ్డి వేస్తున్నాడు. గనిలో ఆయన వైండింగ్ ఇంజిన్ డ్రైవరు. మనుషుల్ని లోపలికి దించి పైకి లాగే ఇనప బోనును నడిపిన మనిషి. నన్ను చూసి తల ఊపి, "లోపల ఉండాది, పో" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, ఆదరమూ లేదు.

అక్క సన్నబడింది. లాప్‌టాప్‌ను తుడిచి, ఉతికిన తువ్వాలులో చుట్టి బల్ల మీద పెట్టింది. పక్కన ఐదు నోటు పుస్తకాలు.

"అన్నీ సరిగ్గా ఉండాయా చూసుకో అప్పా. పుస్తకాలు కూడా ఆఫీసువే. పని కోసం రాసినవి కదా."

ఏదో ఒకటి చేయాలి కాబట్టి ఒక పుస్తకం తెరిచాను. పెన్సిల్ అక్షరాలు, ప్రతి వాక్యం చివర ఎర్ర పెన్సిల్‌తో టిక్కు.

"ఇవేమి అక్కా?"

"కొట్టినానో లేదో నాకే నమ్మకం లేకుండా పోయింది. అందుకే కొట్టిన ఒక్కో వాక్యానికి ఒక టిక్కు పెట్టుకుంటా వచ్చినాను. అయినా పోతానే ఉండాయి. టిక్కు ఉంటాది, వాక్యం ఉండదు. అంటే కొట్టకుండానే టిక్కు పెడతా ఉన్నానేమో." నవ్వడానికి ప్రయత్నించింది. "మా అమ్మ కూడా తిన్నానని చెప్పేది, తినకుండానే."

పోయిన వాక్యాల కింద ఆమె గీతలు గీసి పెట్టింది. నేను ఊరికే పేజీలు తిప్పాను. నాలుగైదు పేజీలయ్యాక చెయ్యి ఆగింది. గీతలన్నీ ఒకేలాంటి చోట ఉన్నాయి. ఆమె పని ఆపిన ప్రతిచోటా మార్జిన్‌లో చిన్నగా రాసుకుంది: 'పాలు', 'అన్నం', 'కరెంటు పోయింది'. ఆ మాట తర్వాత వచ్చే మొదటి వాక్యమో, మొదటి రెండు వాక్యాలో పోయాయి. మధ్యలోవి ఒక్కటీ పోలేదు. మతిమరుపు ఇంత క్రమంగా రాదు.

"అక్కా, లేచిపోయేటప్పుడు ఫైలు ఏం చేస్తారు?"

"నువ్వే కదప్పా చెప్పినావు, లేచేటప్పుడు తాళం వేసి పోవాల, ఇంకొకరికి అడ్డం కాకూడదు అని. పదినిమిషాలకు లేచినా వేసే పోతాను."

ఆ నియమం నేనే రాశాను. నాతో సహా ఎవరమూ పాటించేవాళ్లం కాదు. పొద్దున తీసిన తాళం సాయంత్రందాకా అలాగే ఉంచుకునేవాళ్లం.

"ఒక్క పేజీ కొట్టండక్కా, చూస్తాను."

"ఇంగ ఎందుకప్పా?"

"ఒక్కటే."

ఆమె తువ్వాలు విప్పింది. ఫోన్ కిటికీలో పెట్టింది. ఆ ఇంట్లో ఇంటర్నెట్ అందే చోటు అదొక్కటే, అది కూడా అంతంత మాత్రమే. ఫైలు తెరిచి, నోటు పుస్తకాన్ని ఎడమవైపు ఆనించి, దానివైపు తల తిప్పి కొట్టడం మొదలుపెట్టింది. నేను ఆమెతో కలిసి ఇన్నేళ్లు పనిచేశాను, ఆమె టైపు చేస్తుంటే పక్కన కూర్చుని చూడటం అదే మొదటిసారి. చూపు కాగితం మీదే. వేళ్లు వాటంతటవే పోతున్నాయి. గని ఆఫీసులో అలాగే నేర్పారట, చూపు తిప్పితే సూపరింటెండెంటు స్కేలుతో బల్ల మీద కొట్టేవాడట. ఆ చప్పుడు వింటుంటే నాకు మళ్లీ రైల్లో ఉన్నట్టు, కళ్లు మూతలు పడుతున్నట్టు అనిపించింది. తెర మీద అక్షరాలు వరసగా వస్తున్నాయి. ఒక వాక్యం పూర్తయింది. రెండోది సగానికి వచ్చింది.

తెర ఒక్కసారి రెప్ప వేసినట్టు మినుకుమంది. ఒకటిన్నర వాక్యం లేదు.

అక్క వేళ్లు ఆగలేదు. రెండో వాక్యంలో మిగిలిన సగం ఖాళీ చోట వచ్చి పడుతోంది. ఆమె ఎర్ర పెన్సిల్ తీసుకుని, పుస్తకంలో రెండు టిక్కులు పెట్టింది.

"ఆగండక్కా!"

నా గొంతుకు ఆమె ఉలిక్కిపడి చేతులు పైకెత్తింది. "ఏమైందప్పా? తప్పు కొట్టినానా?"

కాదని చెయ్యి ఊపాను. అంతా ఒక్కసారిగా అర్థమైంది. మొదటి అక్షరం కొట్టగానే నా కోడు సర్వర్‌ను అడుగుతుంది. జవాబు వచ్చేదాకా కొట్టిన అక్షరాలు పాత ప్రతి మీద పడుతుంటాయి. తాజా ప్రతి రాగానే నా కోడు పాతదాన్ని తీసిపారేసి దీన్ని తెరుస్తుంది. ఆఫీసులో ఆ జవాబు రెండు అక్షరాల మధ్య సందులోనే వచ్చేసేది. మా ఇంట్లోనూ అంతే. పైగా నేను రెండు వేళ్లతో, తెరకేసి చూస్తూ కొట్టేవాణ్ణి. ఇక్కడ, కిటికీలోని ఫోన్ మీదుగా ఆ జవాబు నడిచి రావాలి.

మళ్లీ తాళం వేసి మళ్లీ కొట్టించాను. ఈలోగా నా అరుపు విని ఆమె భర్త గుమ్మంలోకి వచ్చాడు. "అన్నా, మొదటి అక్షరం నుంచి తెర మినుకుమనేదాకా లెక్కపెట్టండి" అన్నాను. ఆయన గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, ఏ తొందరా లేకుండా లెక్కపెట్టాడు. ఒకసారి తొమ్మిది, ఒకసారి ఆరు, ఒకసారి పదకొండు. ప్రతిసారీ ఆ లోపు కొట్టినదంతా పోయింది.

నాకు చేతనైనట్టు వాళ్లకు వివరించాను. ఆయన గోడ వదిలి దగ్గరికి వచ్చాడు.

"కింద మనుషులు ఎక్కినాక బెల్లు కొడతారు. ఆ బెల్లు నాకు వినపడందే నేను ఎప్పుడూ లివర్ ముట్టుకోలేదప్పా. ఒక్కసారి కూడా. నీ మిషన్ ఇంగా మనుషులు ఎక్కతా ఉంటేనే లాగేసినట్టుండాది."

"అవునన్నా" అన్నాను. "తప్పు అక్కది కాదు. నాది."

అక్క లేచి పెరట్లోకి వెళ్లింది. తొట్టి దగ్గర మొహం కడుక్కుంటున్న చప్పుడు. చాలాసేపు కడుక్కుంది. తిరిగి వచ్చి, కొంగుతో తుడుచుకుంటూ నా ఎదుట నిలబడింది.

"అంటే మా అమ్మకు వచ్చింది నాకు రాలేదా?"

"రాలేదక్కా."

"రోజూ తెల్లారి లేస్తూనే నా మనవరాళ్ల పేర్లు, పక్కింటోళ్ల పేర్లు చెప్పుకునేదాన్ని అప్పా. ఒక్కటి తడబడినా ఆ పొద్దంతా అన్నం సహించేది కాదు. స్టవ్ ఆపినానా అని మూడుసార్లు పోయి చూసేదాన్ని. ఈయనతో కూడా చెప్పలేదు." గొంతు పెరిగింది. "నీతో చెప్పినాను కదప్పా, నీ మిషన్‌లో చూడమని? నీతో ఒక్కడితోనే చెప్పినాను."

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె అంతటితో ఆపి, లోపలికి వెళ్లి రాగి అంబలి తెచ్చి నా ముందు పెట్టింది. తాగాను. గ్లాసు నేనే కడిగి పెట్టాను.

లాప్‌టాప్ తీసుకోకుండానే తిరిగొచ్చాను. ఆ సాయంత్రం మేనేజరుకు ఫోన్‌లో అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "సరిచేసేయండి. ఆమెతో నేను మాట్లాడతాను. అందరికీ చెప్పడం ఎందుకండీ, మీ పేరు కూడా పోతుంది" అన్నాడు. నా మంచి కోరే అన్నాడు. నాకు ఒప్పుకోవాలనే అనిపించింది. రెండు రోజులు ఒప్పుకున్నట్టే తిరిగాను కూడా. మూడో రోజు మీటింగులో, మిగతా పనుల గురించి మాటలు అయిపోయాక, మైకు ఆన్ చేసి చెప్పాను. ఈ మూడు నెలల్లో అక్క పేజీల్లో పోయినదంతా నా కోడు తినేసిందని, ఆమె అడిగినప్పుడు నేను సరిగ్గా చూడకుండానే ఆమె మీదికి నెట్టానని.

 శ్రీనివాసపురం నుంచి పనిచేసే ఒకాయన గొంతు సవరించుకుని, "సార్, నాకూ పొద్దున పొద్దున ఒక లైను పోయేది. నేనే సరిగ్గా కొట్టలేదనుకున్నాను" అన్నాడు. వెనకే ఇంకొకావిడ, "నాకు కూడా" అంది. రోజుకు ఒక్కసారే తాళం తీసేవాళ్లు కాబట్టి వాళ్లకు రోజుకు ఒక్క వాక్యమే పోయేది. ఎవరికి వాళ్లు తమ తప్పే అనుకుని, మళ్లీ కొట్టుకుని, ఊరుకున్నారు. నా మాట విని పదిసార్లు తాళం వేసినావిడే పదిసార్లు పోగొట్టుకుంది.

సరిచేయడానికి పది రోజులు పట్టింది. మొదట ఒక సులువైన దారి తొక్కాను. జవాబు వచ్చేదాకా టైపు ఆపేసి, తెర మీద 'ఆగండి' అని చూపించడం. పంపబోతూ ఉంటే వెలిగింది, ఆమె తెర చూడదు కదా! ఆ 'ఆగండి'ని ఎవరు చదువుతారు? అంతా చెరిపేసి మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాను. ఈసారి జవాబు వచ్చేదాకా కొట్టిన ప్రతి అక్షరాన్నీ వరసలో దాచి, తాజా ప్రతి వచ్చాక అదే వరసలో దాని మీద పెట్టేటట్టు రాశాను. దాన్ని పరీక్షించడానికి నెట్‌ను కావాలనే నత్తనడక నడిపించాను. ఒకసారి పదకొండు లెక్కపెట్టేదాకా, ఒకసారి ముప్పై దాకా.

మేనేజరు అక్కకు ఫోన్ చేసి క్షమించమని అడిగాడట. రాజీనామా వెనక్కి తీసుకుంటారా అంటే, ముందు ఆ పుస్తకం ముగిస్తాను, తర్వాత చెబుతాను అందట. ఆ 'తర్వాత' రెండేళ్లు నడిచింది. చివరికి ఆమె మానేసింది మనవరాళ్లను చూసుకోవడానికి.

కొత్త కోడును ఆమె మిషన్‌లో పెట్టడానికి నేనే వెళ్లాను. దూరం నుంచి కూడా పెట్టవచ్చు, కాని వెళ్లాను. ఆ రోజు మంచు లేదు. కిటికీలోంచి వచ్చిన ఎండ బల్లమీద సగందాకా పరుచుకుంది. అక్క పుస్తకం ఆనించుకుని, తల తిప్పి, మొదలుపెట్టింది. మొదటి వాక్యం అయింది. తెర మినుకుమంది. వాక్యం అక్కడే ఉంది. రెండోది దాని పక్కన చేరింది, మూడోది.

నేను తెర మీదికి వంగి చూస్తున్నాను. ఆమె మాత్రం తల తిప్పలేదు.

"ఒకసారి చూడండక్కా" అన్నాను. "ఉండాయో లేదో."

"నువ్వు చూస్తా ఉండావు కదప్పా" అంది, కొట్టడం ఆపకుండానే.

ఆ పేజీ పూర్తయ్యేదాకా చూస్తూనే ఉన్నాను.